వంతెన దగ్గరికి వచ్చినవాడు

చెప్పేస్తే పోయేది, ఆ మధ్యాహ్నమే పుస్తకం మూసి అతను రాలేదవ్వా అని ఒక్కమాట అనేస్తే పోయేది, ఇప్పుడీ గ్రంథాలయం గదిలో పిల్లాణ్ణి వీపున కట్టుకుని గోడవారన నిలబడి ఎవరి నోట్లోంచి ఆ మాట ఎప్పుడు ఊడిపడుతుందా అని చూసుకునే ఖర్మ ఉండేది కాదు, అనుకుంటూ బొరమ్ కుడికాలి మీంచి ఎడమకాలి మీదికి ఊగింది, ఊగకపోతే యూల్ లేస్తాడు, లేస్తే ఏడుస్తాడు, ఏడిస్తే మంచిదేనేమో, ఆ వంకన అవ్వని లేవదీసుకుని ఇంటికి పోవచ్చు, కానీ ఏ తల్లైనా నిద్రపోతున్న పిల్లాణ్ణి గిల్లి ఏడిపిస్తుందా, ఛీ, ఏం ఆలోచన, వాడి ఊపిరి మెడ వెనక తగులుతోందా, తగులుతోంది, వెచ్చగానే ఉంది, సరే, కిటికీ దగ్గర మెత్త మీద అవ్వ కాళ్ళు మడిచి కూర్చుని కమలాపండు ఒలుస్తోంది, చూపు సగం పోయినా తొక్క తెగకుండా ఒకే ముక్కగా వలవడం మాత్రం పోలేదు, చెవిలో వినికిడి మిషను చిన్న చిక్కుడుగింజలా మెరుస్తోంది, దాని బ్యాటరీ ఇవాళే అయిపోకూడదా, మొన్న చర్చిలో పాటల మధ్యలో అయిపోయిందిగా, అక్కర్లేనప్పుడు అయిపోతుంది, కావలసినప్పుడు గుర్రంలా పనిచేస్తుంది, అసలు ఈ శనివారమే ముసలివాళ్ళ విశ్రాంతి మందిరంలో నేలని వెచ్చబెట్టే బాయిలరు చెడిపోవాలా, నేల చల్లబడిపోయింది, ముసలాళ్ళెవరూ రాకండి అని పొద్దున్నే ఫోను, అవ్వేమో ఒక్కదాన్నీ ఇంట్లో ఉండనే, నువ్వు పోయే చోటికే నన్నూ తీసుకుపో, ఆ పుస్తకం గురించేగా మాట్లాడుకునేది, నేనూ విన్నదాన్నేగా, అని కొత్త శాలువా కప్పుకుని గుమ్మంలో తయారు, ఏమని ఆపుతుంది, అవ్వా నువ్వు విన్న పుస్తకం వేరు, వాళ్ళు చదివిన పుస్తకం వేరు అని చెప్పి ఆపుతుందా.

అలా ఎలా జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, పుస్తకం పేరు వంతెన లేచే వేళ, రాసింది ఓక్ సెరిమ్, ఆ పేరు వింటే ఈ కొండ మీద ఏ ఇంట్లోనైనా టీవీ గొంతు పెంచి చూస్తారు, పదిహేనేళ్ళుగా సీరియళ్ళలో ఏడ్చి ఏడ్చి అందర్నీ ఏడిపించిన మనిషి, ఇప్పుడు నవల రాసింది, యుద్ధం రోజుల్లో ఉత్తరాన్నించి ఓడెక్కి బూసాన్‌కి కొట్టుకొచ్చిన మేహ్యాంగ్ అనే అమ్మాయి, ఆమె మనసిచ్చిన ఇన్‌సు, ఓడరేవులో జనం తొక్కిసలాటలో చేతులు విడిపోయేటప్పుడు అతను అరిచిన మాట, యొంగ్‌దో వంతెన దగ్గర కలుద్దాం, అంతే, ఆ మాట పట్టుకుని పుస్తకమంతా ఆ పిల్ల వంతెన దగ్గరికి వస్తూనే ఉంటుంది, ఈ ఊళ్ళో ఆ వంతెన తెలియనిదెవరికి, కొండ దిగితే అదే, శనివారం మధ్యాహ్నం సైరన్ మోగి సగం వంతెన ఆకాశంలోకి లేస్తుంది, ఊళ్ళు చూడ్డానికొచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటారు, అవ్వ మాత్రం ఎప్పుడూ చూడదు, చిన్నప్పుడు చూసినంత చూశాను చాలు అంటుంది, తన మొగుడు గిహ్వాన్ పెళ్ళికి ముందే చెప్పాడు, మా అవ్వని ఆ వంతెన సంగతి అడక్కు, వాళ్ళ నాన్న అక్కడికొస్తానని రాలేదు అని, రెండుసార్లు గొంతు సవరించుకుని చెప్పాడు, ఏ మాటకైనా ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవడం అతని అలవాటు, ఫోనులో కూడా అంతే, ట్యూనా చేపలు పట్టే ఓడ మీంచి ఎప్పుడో ఒకసారి కలిసే ఆ ఫోనులో మొదట సముద్రం హోరు, తర్వాత ఖ్హు, ఖ్హు, అప్పుడు బొరమ్, నేనే, ఆ రెండు ఖ్హుల మధ్య తన ప్రాణం ఎక్కడుంటుందో తనకే తెలుసు, పోయినసారి ఫోను వచ్చి ఎన్నాళ్ళయింది, లెక్క పెట్టకూడదు, లెక్క పెడితే కీడు అంటుంది అవ్వ, యూల్ పుట్టకముందే ఓడెక్కి పోయిన మనిషి, కొడుకుని ఫోటోలోనే చూసిన మనిషి.

అందుకే పుస్తకాలు, పిల్లాడు పడుకున్నాక ఇల్లు నిశ్శబ్దమైపోతే తనకి పిచ్చి ఆలోచనలు, వాడి ముక్కు కింద వేలు పెట్టి చూడటం, గాలి గట్టిగా వీస్తే ఇక్కడ వీచింది అక్కడా వీస్తుందేమో అని, ఎక్కడి బూసాన్ ఎక్కడి పసిఫిక్, అయినా, ఆ పోరు పడలేక గ్రంథాలయంలో చేరింది, హైస్కూల్ రెండో ఏడు సగంలో పుస్తకాలు మూసి చేపముద్దల కొట్లో నూనె బాండీ ముందు నిలబడ్డ మనిషికి పాఠకుల బృందమేమిటి అని తనకే నవ్వొచ్చింది, అవ్వ మాత్రం ఏం, నీకు అక్షరాలు రావా, చదువు, నాకూ చదివి పెట్టు, నా కళ్ళకి పొగమంచు పట్టింది అంది, అలా మొదలైంది, మధ్యాహ్నం యూల్ పడుకోగానే వెచ్చటి నేల మీద ముగ్గురూ, తను చదవడం, అవ్వ కళ్ళు మూసుకుని వినడం, మధ్యలో తగులుకోవడం, ఏమే, ఓడలో అంతమందిమి కూరుకుని ఉంటే దానికి జడ అల్లుకునే చోటెక్కడ దొరికిందే, మాకు గోక్కోడానికి చెయ్యి ఎత్తే చోటు లేదు, సరేలే, నటి కదా, జడ లేకపోతే ఎట్లా, చదువు చదువు, అని, రోజూ ఆఖర్న ఒకటే ప్రశ్న, వచ్చాడా వాడు, ఇంకా లేదవ్వా, రేపు చూద్దాం, ఆ రేపు అనే మాట అవ్వ మొహంలో చిన్న దీపం పెట్టేది, అది చూసి చూసి, ఒకరోజు వంటింట్లో నిలబడి ముందే చివరి పేజీలు చదివేసింది, అతను రాడు, వంతెన లేస్తుంది, దిగుతుంది, అవతలివైపు జనం ఇవతలికి వస్తారు, వాళ్ళలో అతను ఉండడు, మేహ్యాంగ్ చేపల గంప ఎత్తుకుని బజారుకి పోతుంది, అంతే, అయిపోయింది, బొరమ్ పొయ్యి మీద పులుసు పొంగుతున్నా కదల్లేదు, అవ్వ గుండెకి ఏ ఉద్రేకమూ పనికిరాదని డాక్టరు చెప్పాడుగా, ఎనభై దాటిన మనిషి, మళ్ళీ అదే వంతెన, మళ్ళీ అదే రాకపోవడం, ఎట్లా చదువుతుంది, మర్నాడు ఆ పేజీ ముందు పెట్టుకుని కూర్చుంది, అక్షరాలు ఒకటి చెబుతున్నాయి, నోరు ఇంకోటి చెప్పింది, వంతెన దిగింది, అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు, కోటు ఎడమచేతి అంచు పీచులు పీచులుగా ఊడింది, ఒంటి నిండా సముద్రం వాసన, నూనె వాసన, కోటు లోపల పొట్టకి ఆనించి కాల్చిన చిలగడదుంప దాచుకుని తెచ్చాడు, చల్లారకుండా, ఆమెని చూసి రెండుసార్లు గొంతు సవరించుకుని మేహ్యాంగ్, నేనే అన్నాడు, ఇలా తనకి తెలియకుండానే ఎంతసేపు చెప్పిందో, ముగించేసరికి అవ్వ చెయ్యి చాపి బొరమ్ మోకాలు తట్టింది, బాగుందే పిల్లా, బాగా వచ్చాడు, అంది, అంతే.

ఇక్కడేమో వంతుల చక్రం తిరుగుతోంది, ఈ బృందానికో ఆచారం ఉంది, పుస్తకం అయ్యాక ఒక్కొక్కరూ ఒక్క వాక్యం చెప్పాలి, ఐదుకి ఎన్ని నక్షత్రాలో చెప్పాలి, అవన్నీ రంగు కాగితాల మీద రాసి గుమ్మం పక్క గోడకి అంటిస్తారు, ముగింపు ఊసు మాత్రం అందరి వాక్యాలూ అయ్యాకే, ఇంకా పూర్తి చెయ్యనివాళ్ళ నోరు చేదు చెయ్యకూడదని హో టీచరు పెట్టిన నియమం, రిటైరయినా చేతిలో సుద్దముక్క లేని లోటుకి పెన్ను పట్టుకుని తిప్పుతూ ఉంటుంది ఆవిడ, తన వాక్యం ముందే చెప్పేసింది, ఇది నవల కాదండీ, ప్రతి అధ్యాయం చివరా ప్రకటనలకి చోటు వదిలిన సీరియలు, రెండు నక్షత్రాలు, ఆ రెండూ కాగితం నాణ్యతకి, అందరూ నవ్వారు, కొండ మలుపులో జుట్టు కత్తిరించే కొట్టు నడిపే బాంగ్ నవ్వలేదు, ఏమండీ టీచరుగారూ, మీకు సెరిమ్ మీద ఏం కక్ష, సోయాసాస్ ప్రకటనలో ఆవిడ కన్నీళ్ళు చూసి మా ఆయన వంట నేర్చుకున్నాడు తెలుసా, నావి ఐదుకి ఐదు, నా వాక్యం రాసుకోండి, రెండో అధ్యాయంలో మొదలెట్టిన ఏడుపు ఇంకా ఆపలేదు, అంటే, మీరు ఉల్లిపాయలు తరుగుతూ చదివుంటారు అంది మందుల కొట్టు ప్యో, అవును తరుగుతూనే చదివా, మీలాగ మాత్రలు లెక్కపెడుతూ చదవలా అని బాంగ్, ప్యో అసలే పల్చని పెదవులు ఇంకా బిగించి, అసలు ఇదంతా ఆవిడే రాసిందని నమ్మేదెవరండీ, వెనకాల ఎవరో రాసుంటారు, ముందు ఆవిడ మొహం వేశారు, అయినా తలమీద బాంబులు పడుతుంటే ప్రేమించుకునే తీరికెవరికి ఉంటుంది, అంది, బాంగ్ వేలు చూపించి, తీరికలేకపోతే మా అమ్మ కాందిశీకుల గుడారంలో ఎట్లా పుట్టిందంటారు, ఆకాశంలోంచి ఊడిపడిందా, అంది, గది గొల్లుమంది, కిటికీ దగ్గర అవ్వ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసకిసా నవ్వింది, వింటోంది, ప్రతిమాటా వింటోంది, చిక్కుడుగింజ బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ఇప్పుడు లేవాలి, చక్రం పూర్తికాకముందే, బొరమ్ మెల్లిగా గోడవెంట జరిగి అవ్వ పక్కన వంగింది, వంగితే వీపున బొంతగుడ్డ జారి యూల్ తల పక్కకి వాలింది, సర్దింది, అవ్వా, వీడికి పాలవేళయింది, పోదామా, అవ్వ కమలాతొన నోట్లో వేసుకుని తలెత్తకుండానే, వాడు పడుకున్నాడుగా, ఊపిరి వినపడుతోంది నాకు, కూర్చోవే, సందడిగా ఉంది, ముసలాళ్ళ మందిరంలో అయితే ఎవరి మోకాలు ఎవరికంటే ఎక్కువ నొప్పో అదొక్కటేగా కబురు, అంది, చలిగా ఉంటుందవ్వా పొద్దు పోతే, పొద్దా, ఇంకా మధ్యాహ్నం సైరనే మోగలేదు, పొద్దెక్కడ పోయింది, అంది, నిజమే, బొరమ్‌కి అబద్ధమాడటం రాదు, స్కూల్లో కూడా రాలేదు, పోనీ చివర్లో ముగింపు ఊసెత్తినప్పుడు గట్టిగా దగ్గుతూ ఉంటే, ఎంతసేపని దగ్గుతుంది, పిల్లాడికి జలుబు తగిలిందనుకుంటారు, పోనీ హో టీచరు చెవిలో చెప్పేస్తే, టీచరుగారూ మా అవ్వకి ముగింపు మార్చి చదివానండీ అని, ఏమంటుందావిడ, పుస్తకం మార్చి చదివావా, అది కూడా ఒక చదువేనా, అప్పుడు తనకి కళ్ళలో నీళ్ళొస్తాయి, ఈ గదిలో ఏడవకూడదు, చదువు సగంలో ఆపేసిన దానికి అన్నీ కన్నీళ్ళే అనుకుంటారు, పోనీ అవ్వ మరిచిపోయి ఉంటుందా, ఉండదు, నిన్న రాత్రి అన్నంలోకి సముద్రపు నాచు పులుసు పోస్తుంటే కూడా అందిగా, ఆ ఇన్‌సు ఎంతో అలిసిపోయి వచ్చుంటాడు, ముందు వేడిగా పులుసు పోసుంటే బాగుండేది, ఆ పిల్లకి తోచలేదు పాపం, అని, వచ్చాడనే నమ్మకం అన్నంలో ఉప్పులా కరిగిపోయింది ఈ ముసలి ప్రాణంలో, దాన్ని ఇప్పుడెవరో పరాయివాళ్ళు, నవ్వుతూ, నక్షత్రాలు పంచుతూ, పీకి అవతల పారేస్తారు, ఆ గుండె దడదడలాడితే, మాత్ర సంచిలో ఉందా, ఉంది, నీళ్ళు, నీళ్ళూ ఉన్నాయి, గిహ్వాన్ ఓడకి పోయేటప్పుడు అడిగిన మాట ఒక్కటే, అవ్వ జాగ్రత్త బొరమ్, నన్ను పెంచింది ఆవిడే, నేనొచ్చేదాకా జాగ్రత్త.

యూల్ అమ్మా, నీదే, అని ఎవరో అంటున్నారు, యూల్ అమ్మా, ఇలా ముందుకి రామ్మా, గోడకి అతుక్కుపోతావా ఏంటి, హో టీచరు పెన్ను తనవైపే చూస్తోంది, ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేసుకున్న వాక్యం ఒకటుంది, చాలా బాగుందండీ, నాలుగు నక్షత్రాలు, ఐదంటే మరీ తెలియనిదనుకుంటారు, మూడంటే తెలిసినట్టు నటిస్తోందనుకుంటారు, అందుకని నాలుగు, నోరు తెరిచింది, చాలా బా అనేలోపే ప్యో అడ్డొచ్చి, ఈ అమ్మాయికి తప్పకుండా నచ్చుంటుంది, వయసు అలాంటిది, నాకైతే ఆ మేహ్యాంగ్‌ని చూస్తే ఒళ్ళు మండింది, పోయినవాడి కోసం పుస్తకమంతా వంతెన దగ్గర పడిగాపులు, వట్టి దండగ ఎదురుచూపు, అంది, దండగ అనే మాట బొరమ్ చెవిలో పడి ఎక్కడో కిందికి, పసిఫిక్ అంత కిందికి పోయి తగిలింది, దండగేంటండీ, అంది, తన గొంతేనా అది, దండగ కానే కాదు, వచ్చాడుగా, వంతెన దిగేసరికి అవతల నిలబడే ఉన్నాడుగా, కోటు లోపల చిలగడదుంప దాచుకుని, చల్లారకుండా, అంత దూరంనించి, అంత సముద్రం దాటి, గొంతు సవరించుకుని నేనే అన్నాడుగా, ఎదురుచూస్తే వస్తారు, ఎదురుచూడబట్టే వస్తారు, అనేసి, ఆగింది.

బాంగ్ నోరు తెరిచే ఉంది, ప్యో పుస్తకం చివరి పేజీలు తిప్పి చూసుకుంది నిజంగానే, ఎక్కడమ్మా, ఎక్కడొచ్చాడు, నా పుస్తకంలో రాలేదే, చిలగడదుంప ఎక్కడిది, హో టీచరు కళ్ళజోడు ముక్కుమీదికి జార్చి, కోపంగా కాదు, అదే ఘోరం, జాలిగా, యూల్ అమ్మా, నువ్వు చదివింది ఏ పుస్తకం తల్లీ, అనడిగింది, ఎవరో కిసుక్కుమన్నారు, అయిపోయింది, అదే చోటు, హైస్కూల్ తరగతి గది, కిటికీ పక్క మూడో బల్ల, లేచి నిలబడు, నువ్వు చదివింది ఏ పాఠం, రాత్రంతా అమ్మ పక్కన ఆసుపత్రి బెంచీ మీద చదివిన పాఠం వేరేది, అందరూ నవ్వారు, తర్వాత వారమే బడి మానేసింది, ఎవరూ ఎందుకని అడగలేదు, ఇప్పుడూ అంతే, సగం చదువుది, పుస్తకం కూడా పూర్తిగా చదవలేక కల్పించి చెప్పిందనుకుంటున్నారు, అనుకోనీ, అది కాదు, అది కానే కాదు, అవ్వ, అవ్వ విన్నది, నా పుస్తకంలో రాలేదే అన్న మాట విన్నది, తన నోటితోనే, ఎవరో కాదు, తానే తెచ్చిపెట్టింది, ఇంతసేపూ ఎవరి నోట ఊడిపడుతుందోనని వణికిన మాటకి తన నోరే దారి చూపించింది, అవ్వవైపు చూడాలంటే మెడ తిరగడం లేదు, మాత్ర, సంచి, నీళ్ళు, చేతులు బొంతగుడ్డ ముడి దగ్గరే ఆగిపోయాయి.

ఈ పిల్లని ఏమీ అనకండర్రా, అంది కిటికీ దగ్గర్నించి గొంతు, తొణకని గొంతు, నోట్లో ఇంకా కమలాతొన ఉన్న గొంతు, అది సరిగ్గానే చదివింది, నాకు చదివి పెట్టింది అలాగే, ఆ పుస్తకంలో వాడు రాలేదని నాకు తెలుసు, అవ్వా, అంది బొరమ్, ఆగవే, చెప్పనీ, నాకు కళ్ళే పోయాయిగానీ చెవులున్నాయి, చెవుల్లో ఈ చిక్కుడుగింజ ఉంది, రోజూ పేజీ తిప్పితే చప్పుడు వినపడేది, ఆ చివరి రోజున తిప్పలేదు, పిల్లాడి నిద్రంతా ఒకటే పేజీ చదివింది, ఏ పుస్తకంలోనైనా పేజీ అంత పొడుగుంటుందా, బాంగ్ నవ్వబోయి ఆపుకుంది, అవ్వ తొక్కని మెల్లిగా మడుస్తూ, అదీ కాక, ఆ వచ్చినవాడు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, ఉత్తరాన్నించి వచ్చిన ఇన్‌సుకి మా గిహ్వాన్ దగ్గు ఎలా వచ్చిందీ, పీచులూడిన కోటు నేను కుట్టిస్తానని కుట్టించనిదేగా, చిలగడదుంప పెళ్ళికి ముందు వాడు దీనికి తెచ్చిచ్చిందేగా, నాకు తెలియదా మా వాడు వస్తే ఎలా వస్తాడో, అంది, గదిలో ఎవరో ముక్కు చీదారు, బాంగే అయ్యుంటుంది, బొరమ్ కాళ్ళకింద వెచ్చటి నేల ఉన్నట్టు ఇప్పుడే తెలిసింది, మరి తెలిసీ, మరి బాగా వచ్చాడు అన్నావుగా అవ్వా, అంది, ఎప్పుడు వెళ్ళి అవ్వ ముందు కూలబడిందో తెలియదు, అన్నాను, ఏం, రాలేదా బాగా, అంటూ అవ్వ చేత్తో తడుముకుని బొరమ్ మోకాలు పట్టుకుంది, ఇదిగో వినండర్రా, మీరంతా చదువుకున్నవాళ్ళు, నక్షత్రాలు ఇస్తున్నారు, నాకో మాట చెప్పనివ్వండి, ఆ వంతెన కింద అప్పట్లో జోస్యగాళ్ళు వరసగా కూర్చునేవారు, మనవాళ్ళు ఉన్నారా పోయారా చెప్పమని జనం బారులు తీరేవారు, మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఎప్పుడూ ఒకాయన దగ్గరికే పోయేది, కళ్ళు లేవాయనకి, పిడికెడు బార్లీ ఆయన ముంతలో పోసి మా నాన్న పేరు చెప్పేది, ఆయన వేళ్ళు ఆడించి, చెర్రీలు పూసేనాటికి వస్తాడమ్మా అనేవాడు, చెర్రీలు పూశాయి, రాలాయి కూడా, నాన్న రాలేదు, మళ్ళీ పోయేది, మళ్ళీ అదే మాట, నేనప్పటికి కాస్త జ్ఞానం వచ్చినదాన్ని, అమ్మా, ఆయన అబద్ధం చెబుతున్నాడే, మనకే తిండికి లేదు, ఆయనకి బార్లీ ఎందుకు పోస్తావే అని ఏడ్చాను, మా అమ్మ ఏమందో తెలుసా, నాకు తెలుసే, కానీ ఆయన కొడుకు కూడా ఉత్తరాన్నించి రావాలట, మనకి చెబుతూ తనకి తనే చెప్పుకుంటున్నాడు, వినేవాళ్ళు లేకపోతే ఎవరికి చెప్పుకుంటాడు, అంది.

అప్పుడే సైరన్ మోగింది, కింద నీళ్ళ దగ్గర్నించి కొండెక్కి వచ్చింది ఆ కూత, వంతెన లేస్తోందన్నమాట, అలవాటుగా అందరూ కిటికీవైపు తిరిగారు, అవ్వ తిరగలేదు, హో టీచరు కూడా తిరగలేదు, పెన్ను మూత పెట్టి బల్లమీద ఉంచేసి, నేను అనకూడని మాట అన్నాను యూల్ అమ్మా, అంది, ఆ తర్వాత, అవ్వగారూ, మీ వాక్యం కూడా గోడకి అంటిద్దాం, ఎన్ని నక్షత్రాలిస్తారు, అంటే, అవ్వ, నక్షత్రాలేం చేసుకుంటానమ్మా, రాసుకో, ఆ సెరిమ్ పిల్ల బాగానే ఏడిపించింది, ఓడలో జడ మాత్రం తీసెయ్యమను, మా పిల్ల చదివితేనే వినాలి, అంది, ఒక్క వాక్యమే చెప్పాలండీ అని ప్యో అంటుంటే బాంగ్ మోచేత్తో పొడిచింది, ప్యో కూడా తడి కళ్ళతోనే ఉంది, యూల్ లేచాడు, ఏడవలేదు, వీపు మీంచి చిన్న చెయ్యి చాపి అవ్వ శాలువా అంచు పట్టుకున్నాడు, సైరన్ ఆగింది, ఆగినా బొరమ్ చెవుల్లో ఇంకా మోగుతోంది, ఎవరి కోసం మార్చింది ఆ పేజీ, అవ్వ గుండె కోసం అనుకుంది ఇన్నాళ్ళూ, పులుసు పొంగిపోతుంటే కదలకుండా నిలబడ్డది ఎవరి గుండె, దండగ అన్నమాట తగిలింది ఎవరికి, రోజూ ఆఖర్న వచ్చాడా వాడు అని అవ్వ అడిగింది ఆవిడ కోసం కానే కాదు, ఆవిడ ఎదురుచూపు ఎప్పుడో చెర్రీలతో పాటు రాలిపోయింది, ఆవిడ మంచి వినికిడి ఉన్న మనిషి, ఒక భయస్థురాలి గొంతులో పేజీ వెనకాల ఉన్నదంతా విని, పిడికెడు బార్లీ పోసినట్టు రోజూ ఒక ప్రశ్న పోసింది, ఇంకా లేదవ్వా, రేపు చూద్దాం అని నోరారా చెప్పుకోనిచ్చింది, గిహ్వాన్ రావచ్చు, వస్తాడు, ఎప్పుడో తెలియదు, ఆ తెలియకపోవడం ఇవాళా నిన్నటంతే ఉంది, అవ్వ జాగ్రత్త అని అతను అప్పగించిపోయాడు, కానీ పోయేముందు అవ్వ చెవిలో కూడా ఏదో వంగి చెప్పాడు గుమ్మంలో, అప్పుడు వినపడలేదు, ఇప్పుడు వినపడింది, వినకుండానే తెలిసింది, బొరమ్ అవ్వ శాలువా లాగి సర్దింది, ఆవిడ ఒళ్ళో తొక్క తీసుకుని పారేసింది, లేద్దామా అవ్వా అంటే, ముందు ఆ ముగింపు వీళ్ళకి ఇంకోసారి చెప్పవే, చిలగడదుంప దగ్గర్నించి, అంది అవ్వ, అప్పుడు గుర్తొచ్చింది, ఇంతసేపూ తను పిల్లాడి ఊపిరి చూడలేదు, వాడి పాటికి వాడు పీలుస్తూనే ఉన్నాడు, వెచ్చగా, మెడ వెనక, తను కూడా.